తోలు, టోపీ, దీపం
సింగరేణి కాలరీస్ కంపెనీ ఛైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

జర్మనీ, ఆస్ట్రియా గనుల్లో కొన్ని వందల ఏళ్ళపాటు కార్మికుడి నడుముకు ఒక తోలుముక్క ఉండేది. అర్ధచంద్రాకారంలో కోసిన దళసరి తోలు. బెల్టుతో బిగించుకుంటే వెనకవైపు పిర్రలనూ తొడల పైభాగాన్నీ కప్పేది. దాని పేరు అర్ష్‌లెడర్. కొంచెం మోటు పేరే. మర్యాదగా మాట్లాడేవాళ్ళు బెర్గ్‌లెడర్ అంటారు. తడిసిన రాతి మీద గంటల తరబడి కూర్చుని పనిచేసేవాడికి చలి, చెమ్మ ఒంటికెక్కకుండా అది కాపు కాసేది. ఏటవాలు బావుల్లోకి జారి దిగేటప్పుడు బట్టా చర్మమూ దోక్కుపోకుండా అడ్డుపడేది. గనుల విద్య మీద జార్జియస్ అగ్రికోలా రాసిన 'దె రె మెతాలికా' 1556లో అచ్చయింది. కార్మికులు తోలు మీద కూర్చుని, తాడు ఆసరాగా, మంచు గడ్డకట్టిన వాలు మీద పిల్లలు జారినట్టు గనిలోకి జారేవారని అందులో ఉంది. అంటే అప్పటికే అది పాతపడ్డ అలవాటు.

ఆ తర్వాత బావుల్లోకి మనుషులను దించే యంత్రాలు వచ్చాయి, జారుడు పోయింది, పని బట్టలు మారాయి. పనిలో తోలుకు చోటు లేకుండా పోయింది. అయినా దాన్ని ఎవరూ పారేయలేదు. సాక్సనీలో గని ఊరేగింపులు దర్బారు వేడుకల్లో భాగమయ్యాయి. 1719లో యువరాజు పెళ్ళి సందర్భంగా అగస్టస్ రాజు డ్రెస్డెన్ దగ్గర జరిపించిన ఉత్సవంలో వెయ్యిమందికి పైగా గని మనుషులు కవాతు చేశారు. ఊరేగింపు దుస్తుల్లోకి తోలు కూడా చేరింది. తలకు రాళ్ళ దెబ్బ తగలకుండా పెట్టుకునే అంచులేని గట్టి టోపీ కూడా అలాగే చేరి, మెల్లగా ఈకల కుచ్చులు తగిలించుకుంది. ఇప్పటికీ క్రిస్మస్ ముందు వారాల్లో ఫ్రైబర్గ్, అన్నాబెర్గ్ వీధుల్లో ఈ ఊరేగింపులు జరుగుతాయి. నడిచేవాళ్ళలో చాలామంది గని ముఖం చూడనివాళ్ళే. వెనక తోలు మాత్రం తప్పనిసరి.

ఆస్ట్రియాలో లియోబెన్ గనుల విశ్వవిద్యాలయం దీన్ని ఇంకొక మెట్టు ఎక్కించింది. అక్కడ కొత్తగా చేరిన విద్యార్థి తోలు దూకితే గాని గని కులంలో కలిసినట్టు కాదు. ఇద్దరు పెద్దలు తోలును చెరొక కొసా పట్టుకుని నిలబడతారు. కొత్తవాడు బీరు పీపా ఎక్కి తన పేరు, ఊరు, ఏ వృత్తిలోకి వస్తున్నాడో, తన జీవిత నినాదం ఏమిటో చెప్పి, చేతిలో బీరు తాగి, తోలు మీదుగా దూకుతాడు. పుట్టుక చూస్తే ఈ ఆచారం ఇప్పటి స్లొవాకియాలో ఉన్న బాన్స్కా ష్టియావ్నిట్సా గనుల అకాడమీది. స్లొవాక్ గని సంఘాల్లో ఇది నేటికీ నడుస్తోంది. గని మనుషులు తమను కాచే దేవతగా కొలిచే సెయింట్ బార్బరా పండుగ డిసెంబర్ 4న వస్తుంది. దూకుళ్ళు సాధారణంగా ఆ రోజుల చుట్టూనే జరుగుతాయి.

ఇంతకీ తోలునే ఎందుకు ఎంచుకున్నారు? గనిలో పార ఉంది, సుత్తి ఉంది, తట్ట ఉంది. సుత్తి కమ్మరి దగ్గర కూడా ఉంటుంది. పార రైతు దగ్గర కూడా ఉంటుంది. వెనక తోలు కట్టుకుని తిరిగేవాడు గనివాడు తప్ప మరొకడు కాడు. వీధిలో నడిచిపోతుంటే వెనకనుంచే పోల్చుకోవచ్చు. పైగా అది పని చేసే వస్తువు కాదు, పనివాణ్ణి కాచే వస్తువు. ఒంటికి అంటిపెట్టుకుని, ఒంటితోపాటు అరిగినది. ఇలాంటి వస్తువును అధికారి పంచిపెడితే అది యూనిఫారం అవుతుంది. పెద్దవాడు కొసలు పట్టుకుని చిన్నవాణ్ణి దూకమంటే అది ఆచారం అవుతుంది. రక్షణ సామగ్రి మీద జట్టుకు మమకారం పుట్టే చోటు ఇదే. సర్క్యులర్లతో, జరిమానాలతో పుట్టదు.

అమెరికా అగ్నిమాపక దళాల తోలు హెల్మెట్‌ది ఇంకొక దారి. న్యూయార్క్‌లో హెన్రీ గ్రాటకాప్ అనే సామాను పెట్టెల తయారీదారు స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బందిలో ఒకడు. పెట్టెల తోలు నీళ్ళలో నానినా పాడవకుండా చేసే విద్య అతనికి తెలుసు. 1830ల నాటికి దాన్నే తలకు పట్టించాడు. తలపై గుమ్మటం, దానిమీద బలం కోసం కుట్టిన ఎత్తుపాటి పట్టీలు, వెనక పొడవుగా సాగిన అంచు. గొట్టం నీళ్ళు మెడ వెనక చొక్కాలోకి కారకుండా ఆ వెనక అంచు ఆపేది. మంట మరీ ముఖానికి కొట్టినప్పుడు టోపీని వెనక్కి తిప్పి పెట్టుకుంటే అదే ముఖానికి అడ్డు. ముందు భాగంలో దళం నంబరు రాసిన తోలు బిళ్ళ, దాన్ని పట్టుకుని ఒక ఇత్తడి డేగ. ఈ డేగకు రక్షణలో ఏ పనీ లేదు. పైగా కిటికీ చట్రాలకూ తీగలకూ తగులుకుని ఇబ్బంది పెట్టేది. తీసేస్తే మంచిదన్న సలహాలు వచ్చినా అది పోలేదు. తర్వాత ఈ వ్యాపారం కైర్న్స్ సోదరుల చేతికి వెళ్ళింది. వాళ్ళు అంతకుముందు బ్యాడ్జీలు, బొత్తాలు తయారుచేసేవాళ్ళు కావడం తమాషా. రక్షణకూ గుర్తింపు చిహ్నానికీ నడుమ గీత చెరిగిపోయిన వస్తువు అలాంటివాళ్ళ చేతిలోనే పడింది.

ఈ హెల్మెట్ చుట్టూ అల్లుకున్న ఆచారాలు చాలా ఉన్నాయి. రిటైరైన వ్యక్తికి ముందు బిళ్ళను చెక్కమీద బిగించి బహూకరిస్తారు. విధుల్లో చనిపోయినవారి శవపేటిక మీద హెల్మెట్ పెట్టి ఊరేగిస్తారు, ఆనక కుటుంబానికి అప్పగిస్తారు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ అగ్నిమాపక దళం 343 మందిని కోల్పోయింది. శిథిలాల్లో నలిగి దొరికిన హెల్మెట్లు అక్కడి స్మారక మ్యూజియంలో ఉన్నాయి. తేలికైన ప్లాస్టిక్, ఫైబర్ హెల్మెట్లు మార్కెట్‌లోకి వచ్చి దశాబ్దాలైంది. యూరప్‌లో చెవులతో సహా తలంతా కప్పే కొత్త రూపానికి మారిపోయారు. అమెరికాలో చాలా దళాలు మాత్రం తోలునో, తోలు రూపాన్ని అనుకరించే హెల్మెట్‌నో వదల్లేదు. న్యాయంగా చెప్పాలంటే నేటి తోలు హెల్మెట్ పాతదాని నకలు కాదు. లోపల దెబ్బను తట్టుకునే పొర ఉంటుంది, అక్కడి ప్రమాణ పరీక్షలు నెగ్గుతుంది. బరువు మాత్రం ఎక్కువ.

చిక్కు బరువుతో ఆగలేదు. మసిపట్టి, అంచులు కాలి, ముందు బిళ్ళ అక్షరాలు చెరిగిన హెల్మెట్ అంటే పాతకాపు అని గౌరవం. తళతళలాడే హెల్మెట్ అంటే ఇంకా మంట చూడనివాడని ఎగతాళి. దాంతో మసి కడగడం నామోషీ అయింది. ఆ మసిలో ఏముంటుందో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా ప్రమాణాల ప్రకారం హెల్మెట్‌ను క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి, తయారైన పదేళ్ళకు పనినుంచి తప్పించాలి. రక్షణ కోసం పుట్టిన వస్తువు మీద ప్రేమ ముదిరి, దాన్ని కడగనివ్వకుండా, మార్చనివ్వకుండా చేసిన ఉదాహరణ ఇది. గనితోలు విషయంలో ఈ ముప్పు రాలేదు. కారణం తేలిక: తోలు పని మానేశాక పూజ్యమైంది, హెల్మెట్ పనిలో ఉండగానే పూజ్యమైంది.

లండన్ ఈ విషయంలో కఠినంగానే నడిచింది. 1860లలో కెప్టెన్ ఐర్ మాసీ షా అక్కడి దళానికి ఇత్తడి హెల్మెట్లు తెచ్చాడు. మెరిసే ఇత్తడి మీద జనానికీ దళానికీ ఒకటే మోజు. ఇళ్ళలోకి కరెంటు వచ్చాక ఇత్తడి తీగకు తగిలితే ప్రాణం పోతుందని తేలింది, 1930లలో బెండు హెల్మెట్లు వచ్చాయి. ఇత్తడివి ఇప్పుడు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. అక్కడ వాటిని ఎంత ప్రేమించినా నష్టం లేదు.

నిర్మాణ రంగం హెల్మెట్ చరిత్రలో ఇంకొక పాఠం దొరుకుతుంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎడ్వర్డ్ బుల్లార్డ్ 1919లో కాన్వాసును ఆవిరిలో ఉడికించి, జిగురు పట్టించి, నల్లరంగు వేసి గట్టి టోపీ చేశాడు. అయినా 1930ల మొదట్లో హూవర్ డ్యామ్ పని మొదలైనప్పుడు కొండచరియలకు తాళ్ళతో వేలాడుతూ వదులు రాళ్ళు రాల్చే కార్మికులు తమ టోపీలు తామే చేసుకున్నారు. నూలు టోపీలను తారులో ముంచి, ఆరబెట్టి, గట్టిపడ్డాక పెట్టుకున్నారు. పైనుంచి రాయి పడి దవడ విరిగినవాళ్ళు ఉన్నా, ఆ టోపీ ఉన్నవాళ్ళ పుర్రెలు మాత్రం పగల్లేదు. అది చూశాకే కాంట్రాక్టు సంస్థ వేల సంఖ్యలో గట్టి టోపీలు తెప్పించింది. అంటే ఆ టోపీ మొదట కార్మికుడి సొంత ఆలోచన. కంపెనీ దాని వెనక నడిచింది. అమెరికా ఇనుప పనివాళ్ళు తమ టోపీ మీద యూనియన్ స్టిక్కర్లు అంటించుకుని, ఏళ్ళ తరబడి దాన్ని తమ బయోడేటాలా మోయడంలో ఆశ్చర్యం లేదు. అయితే స్టిక్కరు కింద పగులు కనబడదు.

గోల్డెన్ గేట్ వంతెన 1933లో మొదలై 1937లో పూర్తయింది. చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ అక్కడ టోపీలను తప్పనిసరి చేశాడు. వంతెన కింద పొడవునా వల కూడా కట్టించాడు. వలకు లక్షా ముప్పై వేల డాలర్లు అయింది. పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం పోతుందన్నది ఆనాటి కాంట్రాక్టర్ల లెక్క. ఇది మూడున్నర కోట్ల డాలర్ల పని. వలలో పడి బతికిన 19 మంది ఒక సంఘం పెట్టుకున్నారు. సగం దారి నరకానికి వెళ్ళొచ్చినవాళ్ళమని దానికి పేరు. చందా లేదు, దరఖాస్తు లేదు, పడి బతకడమే సభ్యత్వం. 1937 ఫిబ్రవరి 17న విరిగిన పరంజా వలను చీల్చుకుని పడడంతో పదిమంది చనిపోయారు. వంతెన మొత్తం మీద మృతులు 11 మంది.

విమానాల వాళ్ళ సంఘాలూ ఇలాంటివే. పారాచూట్‌తో బతికినవాళ్ళకు 1922 నుంచి క్యాటర్‌పిల్లర్ క్లబ్ ఉంది. పట్టుపురుగు ఆకారంలో చిన్న పిన్ను ఇస్తారు. తాము చేసిన ఎజెక్షన్ సీటుతో బతికినవాళ్ళకు మార్టిన్ బేకర్ కంపెనీ 1957 నుంచి ఒక టై ఇస్తోంది. డబ్బు పెట్టి ఆ టై కొనుక్కోవడం కుదరదు, దాని విలువంతా అందులోనే ఉంది. పని పోయినా గుర్తు మిగిలిన చోట క్రీడాజట్లు వాటిని అరువు తెచ్చుకుంటాయి. జర్మనీలో బొగ్గు పట్నమైన గెల్సెన్‌కిర్షెన్ ఫుట్‌బాల్ క్లబ్ షాల్కే ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చే దారిని గని సొరంగంలా కట్టారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ లక్రాస్ జట్టులో నిర్మాణ కార్మికులు పెట్టుకునేలాంటి ఒక ఎర్ర గట్టి టోపీని మోసే బాధ్యత మొదటి ఏడాది ఆటగాడిది. ఆటలో దానితో పనేమీ లేదు, జట్టు కోసం ఒళ్ళు వంచినవాడికి గుర్తు అది.

సింగరేణికి ఇందులో సంబంధం ఎక్కడిదంటే, బొగ్గుబాయి దగ్గర ఇలాంటి ఆచారానికి కావలసిన సరుకంతా ఉంది. బొగ్గు తవ్వకం 1889లో ఇల్లందు దగ్గర మొదలైంది. కంపెనీకి ప్రస్తుత పేరు 1920 డిసెంబర్ 23న వచ్చింది, ఆ తేదీనే సింగరేణి దినోత్సవం. మూడు నాలుగు తరాలు గనుల్లోనే పనిచేసిన ఇళ్ళు కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా ఉన్నాయి. తండ్రి అనారోగ్యంతో దిగిపోతే కొడుకు చేరే కారుణ్య నియామకం అక్కడి ఇళ్ళలో రోజూ నలిగే మాట. దసరాకు ఆయుధపూజ ఉంది, ఆ పండుగ రోజుల్లోనే లాభాల వాటా కూడా చేతికొస్తుంది. పూజలో ముందు వరస యంత్రాలది, పనిముట్లది. అన్నం పెట్టేవి అవే గనక ఆ మొక్కు సహజం. తలను కాచినదాని ప్రయోజనం మాత్రం ఏమీ జరగకపోవడంలోనే ఉంది. జరగనిదానికి బొట్టు పెట్టాలని ఎవరికీ తోచదు.

భూగర్భ గని అనగానే మొదట మనసులో మెదిలేది దీపం. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెలింగ్ గనిలో వాయువు పేలి 92 మంది పోయాక, 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగజల్లెడ చుట్టి గని దీపం చేశాడు. పేటెంటు తీసుకోలేదు. జల్లెడ వేడిని లాగేసుకోవడం వల్ల లోపలి మంట బయటి వాయువును అంటించదు. వాయువు ఉంటే మంట చుట్టూ నీలి ఛాయ పెరుగుతుంది గనక వెలుగుతోపాటు హెచ్చరిక కూడా దొరికింది. అయినా పేలుళ్ళు వెంటనే తగ్గలేదు. దీపం ఉందన్న ధీమాతో అంతకుముందు ఎవరూ సాహసించని పొరల్లోకి యజమానులు మనుషులను దించారు. బ్రిటన్‌లో ఆ ఇత్తడి దీపం ఇప్పుడు పదవీ విరమణ కానుక. సింగరేణి ఆచారానికి దీపాన్ని గుర్తుగా పెట్టుకుందామనిపించడం సహజమే గాని, అది సరైన ఎంపిక కాదు. సంస్థ ఉత్పత్తిలో ఎక్కువ భాగం నేడు ఓపెన్‌కాస్టులది. డంపరు నడిపేవాడికీ డ్రిల్లు వేసేవాడికీ క్యాప్ ల్యాంపుతో బంధం లేదు. టోపీ అందరిదీ: పర్మనెంటు ఉద్యోగిది, కాంట్రాక్టు కార్మికుడిది, సర్దారుది, మేనేజరుది. కేంద్రం 2019లో మహిళలకు భూగర్భంలో పనికి వీలు కల్పించింది గనక గనిలో దిగే ఆడవాళ్ళది కూడా.

కోరేది ఇది. శిక్షణ కేంద్రంలో శిక్షణ పూర్తయి కొత్త కార్మికుడు మొదటిసారి పనిలోకి దిగే రోజున, అదే గనిలో రిటైరు కాబోతున్నవారు తమ చేతుల మీదుగా కొత్త టోపీ పెట్టాలి. పట్టీ బిగించడం, లోపలి పట్టీల ఊయలకూ పెంకుకూ మధ్య ఖాళీ ఎందుకుండాలో చూపించడం ఆ పెద్దమనిషే చేయాలి. ఆ ఖాళీ వల్లే దెబ్బ నేరుగా పుర్రెకు తగలదు; చుట్టా అగ్గిపెట్టే దాచుకోవడానికి కాదు అది. రిటైరైన నాడు ఆయన సొంత టోపీ ఆయనతో ఇంటికి వెళ్ళాలి. వెళ్ళేముందు పెంకుకు నడినెత్తిన రంధ్రం వేసి, పేరు, గని పేరు, పనిచేసిన ఏళ్ళు చెక్కిన రేకు దానిమీద బిగించాలి. రంధ్రం తప్పనిసరి. కారుణ్య నియామకంలో చేరిన కొడుకుకు తండ్రి టోపీ పెట్టుకుని దిగాలనిపించడం సహజం, దాన్ని కాదనడం మేనేజరుకు కష్టం. ప్లాస్టిక్ ఎండకూ కాలానికీ పెళుసెక్కుతుంది, ఒక్క గట్టి దెబ్బ తిన్న పెంకు పైకి బాగున్నా రెండో దెబ్బకు ఆగదు. రంధ్రం ఉంటే వాదన ఉండదు. తండ్రి టోపీ గోడకు, కొడుకు తలకు కొత్తది.

పనిలో ఉండగా ప్రాణం కోల్పోయినవారి సంగతి వేరు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు చొరబడి 17 మంది చనిపోయారు. అలాంటి ఘటనలో టోపీ కేవలం జ్ఞాపిక కాదు, విచారణలో సాక్ష్యం కూడా. విచారణ ముగిశాక కుటుంబం అడిగితే ఇవ్వాలి, అడగకపోతే వేడుక పేరుతో ఇంటికి మోసుకెళ్ళకూడదు.

దీన్ని ప్రమాదాల్లేని రోజుల లెక్కతోగాని బహుమతులతోగాని ముడిపెట్టకూడదు. అలా ముడిపెట్టిన ప్రతి చోటా చిన్న దెబ్బలు రిజిస్టరుకు ఎక్కకుండా దాగిపోతాయి. వేలు నలిగినవాడు తన వల్ల జట్టు బహుమతి పోతుందని నోరు మెదపడు. టోపీ రంగుల్లో తేడా పని గుర్తింపు కోసం ఉండవచ్చు గాని వేడుకలో తేడా ఉండకూడదు. కాంట్రాక్టు కార్మికుణ్ణి పక్కన నిలబెట్టి పర్మనెంటు వాళ్ళకే చేసే వేడుక పుట్టిన రోజే చెడుతుంది. మసి పట్టిన టోపీ, గీతలు పడ్డ టోపీ మొనగాడితనానికి గుర్తుగా మారుతున్నట్టు కనిపిస్తే ఆ గనిలో పెద్దవాళ్ళే ముందు తమవి మార్చుకోవాలి. ఫొటో, పత్రికా ప్రకటన, శాలువా, మంత్రిగారి కోసం రెండు గంటల ఎదురుచూపు ఇందులో చేరితే మరుసటి ఏడు కార్మికులు అటువైపు చూడరు. వేడుక ఎక్కడ జరగాలి, ల్యాంప్ రూమ్ ముందా మస్టరు దగ్గరా, ఏ షిఫ్టులో, ఏ మాట చెప్పి టోపీ పెట్టాలి అన్నవి ఏ గనికి ఆ గనివాళ్ళు, యూనియన్లు కలిసి తేల్చుకునే విషయాలు. కొత్తగూడెంలో ఒకలా, శ్రీరాంపూర్‌లో ఇంకోలా జరిగితే తప్పేమీ లేదు.

సంస్థ వైపునుంచి మిగిలేది కొనుగోలు విభాగం పని. కొనే ప్రతి టోపీ మీదా ఐఎస్ 2925 ముద్ర, తయారైన నెల, ఏడాది పెంకు లోపల కనబడేలా ఉండాలి. ఇచ్చిన తేదీ కార్మికుడి పేరుమీద నమోదు కావాలి. గడువు తీరితే అడగకుండానే కొత్తది రావాలి, దెబ్బ తిన్నదానికి ప్రశ్నలు వేయకుండా మార్పిడి జరగాలి. చిన్న తలలకు, జడ ఉన్నవారికి సరిపడే లోపలి ఊయలలు స్టోరులో ఉండాలి. కాంట్రాక్టరు తెచ్చిన టోపీ కూడా ఇదే తనిఖీ దాటాలి. వచ్చే డిసెంబర్ 23కు వేడుక మొదలుపెట్టాలంటే టెండరు షరతుల్లో ఈ మార్పులు వానాకాలం లోపే రావాలి.